పాలు తాగితే గాల్లోకి లేచే పిల్ల

మా కోడలు ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే, గుమ్మం దగ్గర విడిచిన నా చెప్పులు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇది ఎవరి చర్మం మామయ్యా?"

"చెప్పుల కొట్టువాడిది," అన్నాను.

"అయితే తిరిగి ఇచ్చేయండి. పాపం, చర్మం లేకుండా ఎలా తిరుగుతున్నాడో," అంది. నవ్వలేదు. మా అబ్బాయి నవ్వబోయి, ఇద్దరి ముఖాలూ చూసి మానుకున్నాడు. వాడు లిఫ్టులు బాగుచేసే మనిషి. రోజంతా పైకీ కిందికీ తిరుగుతాడు కానీ ఇంట్లో మాత్రం ఎవరి వైపూ కదలడు. మర్నాడు నాకు రబ్బరు అడుగున్న గుడ్డ చెప్పులు వచ్చాయి.

పెళ్ళికి ముందు ఆమె పాల ఫ్యాక్టరీలో పని చేసేది. టాంకరు రాగానే చిన్న సీసాలో పాలు పట్టి, వెన్న ఎంత ఉంది, నీళ్ళు ఎన్ని కలిశాయి, పులుపు మొదలైందా లేదా చూసి చీటీ రాయాలి. ఆ చీటీ మీద ఆమె సంతకం పడనిదే టాంకరు గొట్టం విప్పేవారు కాదు. "కాస్త చూసీ చూడనట్టు పోమ్మా," అని డ్రైవర్లు బతిమాలేవారట. "చూడనట్టు పోవడానికి నాకు జీతం ఇవ్వడం లేదన్నా," అనేదట. ఆరేళ్ళలో ఒక్క తప్పు చీటీ రాయలేదని ఆ ఫ్యాక్టరీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అన్నీ గోరంతను కొండంత చేసి చెప్పే అలవాటు నాది. ఈ ఒక్కటి మాత్రం ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను.

ఒకరోజు నమూనాలు తెచ్చే మనిషి రాకపోతే తానే పశువుల షెడ్డుకి వెళ్ళింది. అక్కడ వ్యానులోకి మగదూడల్ని ఎక్కిస్తున్నారు. వ్యాను కదిలింది. షెడ్డులో కట్టేసిన తల్లులు అరుస్తున్నాయి. ఈ సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది, పుస్తకానికి అట్ట కోస్తూ, తల ఎత్తకుండా. "దూడల్ని పంపేస్తారని నాకు ముందే తెలుసు మామయ్యా. అందరికీ తెలుసు. తెలియడం వేరు, ఆ అరుపు వినడం వేరు." ఆ సాయంత్రం నుంచి పాలు, పెరుగు, గుడ్డు, తేనె, తోలు అన్నీ మానేసింది. దాన్ని వీగన్ అంటారని ఆమెకు ఎవరో తర్వాత చెప్పారు. పేరు తెలిసినందుకు ఆమె పెద్దగా సంతోషించలేదు. జ్వరం వచ్చినవాడికి జ్వరం పేరు తెలిస్తే ఏం ఒరుగుతుంది.

ఫ్యాక్టరీ మానేసి, ఒక గ్రంథాలయం వెనక గదిలో పుస్తకాలు కుట్టే ముసలాయన దగ్గర పని నేర్చుకుంది. ఆయన జిగురు పశువుల తోలు ఉడకబెట్టి చేసినది. ఈమె మైదాపిండి ఉడికించి, పురుగు చేరకుండా నాలుగు చుక్కల లవంగనూనె వేసి వేరే జిగురు చేసుకుంది. దారానికి తేనెమైనం బదులు పారఫిన్ మైనం రుద్దింది. నెల తిరక్కుండా ఆ ముసలాయన కూడా లవంగనూనె వాసనకి అలవాటు పడి తన గిన్నె బయట పారేశాడు. పెళ్ళయ్యాక మా ముందుగదిలోనే బల్ల వేసుకుని సొంతంగా మొదలుపెట్టింది. ఒక వకీలు గారు తన లావుపాటి పుస్తకాలు తెచ్చి, వెన్నుకి తోలే వెయ్యాలన్నారు.

"తోలు లేకపోతే పుస్తకానికి గౌరవం ఏముంటుందమ్మా?"

"లోపల రాసింది చూసి ఇస్తారనుకున్నానండీ గౌరవం," అంది మా కోడలు.

ఆయన గుడ్డ వెన్నే వేయించుకుని వెళ్ళాడు. ఈ రోజుకీ ఇక్కడికే వస్తాడు.

ఇంత ముక్కుసూటి మనిషికి మామగారిగా దొరికినవాణ్ణి నేను. నేను కాన్వెంటులో చదివాను. అక్కడి సిస్టర్లు నాకు రెండు విద్యలు నేర్పారు. ఒకటి గుండ్రటి చేతిరాత, రెండోది ముఖం కదపకుండా అబద్ధం చెప్పడం. మొదటిది వాళ్ళు కావాలని నేర్పారు.

మనవరాలు పుట్టింది. ఒక్కచోట నిలవదు కాబట్టి దాన్ని ఉడుత అని పిలుచుకున్నాం. బడి వయసు వచ్చినా మా కోడలు పంపలేదు. "అక్కడ రోజూ పది గంటలకి పిల్లలందరికీ గ్లాసుతో పాలు ఇస్తారు. అందరూ తాగుతుంటే ఇది ఒక్కతీ చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఎందుకు తాగవని అడుగుతారు. జవాబు చెప్పే వయసు రానీయండి," అంది. విద్యాశాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టి, ఇంటి చదువుకి అనుమతి తెచ్చుకుంది. ఏడాదికోసారి ఒక అధికారిణి వచ్చి పిల్లని ప్రశ్నలడిగి వెళ్ళేది. ఆవిడకి నోరు తెరిచే సందు ఉడుత ఇచ్చేది కాదు. పుస్తకాన్ని పదహారు పేజీలకి ఒక ఫారం చొప్పున మడిచి కుడతారు కాబట్టి దానికి రెండో ఎక్కం కంటే ముందు పదహారో ఎక్కం వచ్చింది. పుస్తకం అంచు కొలవడంలో భిన్నాలు వచ్చాయి. చిరిగిన అట్లాసు అతికించడంలో ఖండాలు వచ్చాయి.

చదువుకి లోటు లేదు. లోటు వేరే చోట ఉంది. దానికి ఏడో ఏడు నడుస్తుండగా ఒక ఉదయం మా కోడలు వంటింట్లోంచి నన్ను సైగ చేసి పిలిచింది. తలుపు సందులోంచి చూశాం. ఉడుత బల్ల చుట్టూ కుర్చీల మీద చిరిగిన పుస్తకాల్ని నిలబెట్టి హాజరు వేస్తోంది.

"నిఘంటువు?" అని అడిగి, గొంతు మార్చి, "ప్రెజెంట్ టీచర్," అంది. "వంటల పుస్తకం? నీ పక్క పిల్లతో మాట్లాడకు. బయట నిలబెడతాను."

నేను నవ్వాను. మా కోడలు నవ్వలేదు. మైదా అంటిన చేతుల్ని కొంగుకి తుడుచుకుంది.

ఆ రోజు భోజనాల దగ్గర మాట లేచింది. మా అబ్బాయి, "నలుగురిలో పడితే రాటుదేలుతుంది," అన్నాడు.

"రాటుదేలాలని కాదు నా బాధ. సిగ్గుపడకుండా ఉండాలి. మేం పాలు తాగం, అవి దూడవి అని మామూలుగా చెప్పగలిగితే చాలు. అది చెప్పడానికి భయపడే చోటైతే నాకు వద్దు," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మామయ్యా, మీ కాన్వెంటులో వేరుగా తినే పిల్లలు ఎవరైనా ఉండేవారా? నిజం చెప్పండి. కథ వద్దు."

ఉండేవాడు. ఇంటి నుంచి ఉడికించిన కూరగాయలు మాత్రమే తెచ్చుకునే పిల్లవాడొకడు ఉండేవాడు. వాడికి మేక అని పేరు పెట్టింది నేనే. వాడు డబ్బా మూత తీయగానే పదిమందిమీ మే మే అనేవాళ్ళం. మెట్ల కింద కూర్చుని తినేవాడు. మూడో నెలలో బడి మానేశాడు.

నేను చెప్పింది ఇది కాదు. "లేకేం. ఒకడుండేవాడు. వేరుశనగలు తప్ప మరొకటి ముట్టడు. పరుగు పందెంలో ప్యూను గంట మోగించేలోపే గీత దాటేసేవాడు. వాడి డబ్బాలోంచి ఒక్క గింజ కోసం మేమంతా వరసలో నిలబడేవాళ్ళం. మదర్ సుపీరియర్ కూడా చెయ్యి చాచేది," అన్నాను. పిల్లని నలుగురిలో చూడాలని నాకూ ఉంది. దానికి తోడు, మెట్ల కింద కూర్చున్నవాడి గురించి చెప్పాలంటే మే మే అన్నవాడి గురించి కూడా చెప్పాలి.

"మదర్ సుపీరియర్ సంగతి తీసేస్తాను. మిగతాదైనా నిజమేనా?" అంది.

"నీ మీద ఒట్టు," అన్నాను. అంతకుముందు ఆమె దగ్గర నేను ఒట్టు పెట్టింది లేదు. నమ్మింది.

వీధి చివర బడిలో చేర్పించారు. మొదటి రోజే మా కోడలు క్లాసు టీచరుకి ఉత్తరం రాసిచ్చింది. మా పాప పాలు, గుడ్డు తీసుకోదు, ఇది జబ్బు కాదు, మా పద్ధతి, సీసాలో సోయాపాలు పంపుతాం అని నాలుగే వాక్యాలు. టీచరు చదివి, సరేనని అలమరలో పెట్టింది. ఏ గొడవా లేదు.

పిల్లలు పిల్లలే కదా. పాలెందుకు తాగవని అడిగారు. అవి దూడవి అని ఉడుత చెప్పింది. "అయితే నువ్వు దూడవా?" అన్నారు. రెండు రోజులు దూడ, దూడ అన్నారు. మూడో రోజు సాయంత్రం నేను బడి నుంచి తీసుకొస్తుంటే అది నా చెయ్యి వదిలేసి నడిచింది.

"తాతయ్యా, రేపు నాకు కడుపునొప్పి వస్తుంది."

"రేపటి నొప్పి ఇవాళే తెలిసిందా? డాక్టరువి అయిపోయావే."

"దూడ అంటున్నారు."

మా కోడలైతే ఏం చెప్పేదో నాకు తెలుసు. దూడ అంటే తప్పేముందమ్మా, మంచిదే కదా అనేది. వారం గడిస్తే వాళ్ళకీ విసుగు పుట్టేది. నాకు అంత ఓపిక ఎక్కడిది. "పిచ్చిదానా, దూడ అని చెబితే ఎవరు వింటారు? పాలు తాగితే ఒళ్ళు ఉబ్బిపోతుంది, డాక్టరు వద్దన్నాడు అని చెప్పు. గప్‌చుప్ అయిపోతారు," అన్నాను.

"అమ్మ అబద్ధం చెప్పొద్దంది."

"ఇది అబద్ధం కాదే. కథ. అమ్మకి కథలు నచ్చవు కాబట్టి అమ్మకి చెప్పక్కర్లేదు."

కడుపునొప్పి రాలేదు. మర్నాడు గంతులు వేసుకుంటూ వచ్చింది. ఇక రోజూ ఇంటికొచ్చే దారిలో ఆ కథకి ఇద్దరం ఒక్కో అంతస్తు కట్టాం. ఒక చుక్క తాగితే బుగ్గలు ఉబ్బుతాయి. రెండు చుక్కలకి పొట్ట. గుక్కెడు తాగితే బెలూనులా గాల్లోకి లేస్తుంది. పసిపిల్లగా ఉన్నప్పుడు ఓసారి అలాగే లేచి పైకప్పుకి అంటుకుంటే, తాతయ్య గొడుగు పిడితో కిందికి లాగాడు. పిల్లలంతా దాని బెంచీ చుట్టూ మూగేవారట. ముందుపళ్ళు రెండూ ఊడిన ఒక పిల్ల దీనికి ప్రాణస్నేహితురాలైంది. ఆ పిల్ల ఇంటికొచ్చి, మా పైకప్పు చూసి, మరక ఏదని అడిగింది కూడా. సున్నం వేయించామని చెప్పాను. ఆ రెండు నెలలూ మా కోడలు ముఖంలో ఉన్న తేలిక నేను అంతకుముందు చూసి ఎరుగను. "మీ మాట విన్నందుకు మంచే జరిగింది మామయ్యా," అంది ఒకరోజు. నేను తల పంకించాను.

తర్వాత ఒక ఉదయం పదిన్నరకి బడి నుంచి ఫోను. పాప స్పృహ తప్పింది, ఇప్పుడు బాగానే ఉంది, రమ్మన్నారు. మా కోడలు చేతులు కూడా కడుక్కోలేదు. నేను వెంట పరుగెత్తాను.

హెడ్ మిస్ట్రెస్ గదిలో బెంచీ మీద ఉడుత కూర్చుని ఉంది. నడుముకి తాడాట తాడు కట్టి ఉంది. పక్కన క్లాసు టీచరు ముఖంలో నెత్తురుచుక్క లేదు. జరిగింది ఆవిడే చెప్పింది. ఎగిరి చూపించమని పిల్లలు పోరు పెట్టారట. చూపించకపోతే అంతా కోతలే అని ఒకడు అన్నాడట. పైకప్పుకి తగలకుండా పళ్ళు ఊడిన పిల్ల దీని నడుముకి తాడు కట్టి, రెండో కొస కిటికీ ఊచకి ముడివేసింది. మా పిల్ల పక్కవాళ్ళ గ్లాసు అందుకుని సగం పాలు తాగేసింది. ఒళ్ళు ఉబ్బలేదు. దాంతో బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టి, ముఖం ఎర్రబడేదాకా నిలబడి, ఉన్నచోటే కూలబడింది.

"ఇంత జబ్బు ఉందని మీరు కాగితం మీద రాయాలి కదమ్మా," అన్నారు హెడ్ మిస్ట్రెస్. "మా టీచరు గుండె ఆగినంత పనైంది. అంబులెన్సు పిలవబోయాం."

"జబ్బు లేదు మేడం. మేం తాగం, అంతే. ఆ మాట మొదటి రోజే రాసిచ్చాను," అంది మా కోడలు.

"మరి పాప క్లాసులో అందరికీ..."

మా కోడలు కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఉబ్బుతావని ఎవరు చెప్పమన్నారే నీకు?"

ఉడుత ఒక్కసారి నా వైపు చూసింది. రెప్పపాటు. నేను గోడకున్న టైంటేబులు చదవడం మొదలుపెట్టాను. మంగళవారం మూడో పీరియడ్ డ్రాయింగు.

"ఎవరూ చెప్పమనలేదమ్మా. నేనే చెప్పాను."

"ఎందుకు?"

"దూడ అంటే నవ్వారు." తర్వాత అది ఏడ్చింది. "అమ్మా, ఆ దూడ పాలు నేను తాగేశాను."

ఇప్పుడు చెప్పు అని నా లోపల ఎవరో అన్నారు. టైంటేబులు చదివేశాను. శనివారం ఒక పూటే. మా కోడలు తాడు ముడి విప్పింది. పిల్లని ఎత్తుకుంది. "మీ తప్పేం లేదు మేడం. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ నిజం చెబితే ఇక్కడ నెగ్గలేనని నా కూతురికి అనిపించింది. ఇక పంపను," అంది. హెడ్ మిస్ట్రెస్ రెండు రోజులు ఆలోచించుకోమన్నారు. మా అబ్బాయి కూడా ఆ మాటే అన్నాడు. ఆమె రెండు రోజులు కాదు, వారం ఆలోచించింది. ఆ ఏడు రోజులూ నాకు నోరు ఉంది, తెరవలేదు. విద్యాశాఖ కాగితంలో, బడి ఎందుకు మాన్పిస్తున్నారు అనే చోట, 'పిల్లల ఎగతాళికి భయపడి మా పాప తనంతట తాను అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది' అని రాసి సంతకం పెట్టింది. నేనే తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం బడిలో అన్నం గంట కొట్టాక పళ్ళు ఊడిన పిల్ల గేటు దగ్గరికొచ్చి ఉడుతని ఆటకి పిలిచింది. ఇది లోపల బల్ల కింద దాక్కుని, లేనని చెప్పమంది. మా కోడలు గేటు దాకా వెళ్ళి, "ఉంది తల్లీ, రానంటోంది," అని ఉన్నమాట చెప్పి వచ్చింది. అప్పుడిక నా వల్ల కాలేదు. పిల్ల లోపలి గదిలో మధ్యాహ్నపు కునుకు తీస్తుండగా బల్ల దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. ఉబ్బడం, గొడుగు పిడి, టైంటేబులు. మెట్ల కింద కూర్చున్నవాడి సంగతి కూడా.

ఆమె కాగితాలు మడత పెడుతున్న వెదురుబద్ద పక్కన పెట్టింది.

"ఆ గదిలో ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

"మీకు సిగ్గేసిందని ఏడేళ్ళ పిల్ల మోసింది." మళ్ళీ అంది, "నేను బడినే తప్పు పట్టాను. తప్పు మాటకి సంతకం పెట్టాను."

ఆరేళ్ళు ఒక్క తప్పు చీటీ రాయని చెయ్యి అది.

వెంటనే లేచి బడికి వెళ్ళింది. నన్ను రావద్దంది. హెడ్ మిస్ట్రెస్ అంతా విన్నారట. కానీ ఆ బెంచీలో చోటు కోసం ముందునుంచే వరసలో ఉన్న మరో పిల్లకి ఆ ఉదయమే చెప్పేశారు. వచ్చే ఏడు తీసుకురమ్మన్నారు. మరుసటి ఏడు వెళ్తావా అని మా కోడలు ఉడుతని అడిగింది. అది తల కూడా ఎత్తకుండా, "నేను ఇంట్లోనే ఉంటానమ్మా," అంది. బలవంతపెట్టలేదు.

బడి నుంచి తిరిగొచ్చిన సాయంత్రమే నేను, "పిల్లతో చెబుతాను, తప్పు నాదని మీ అమ్మకి తెలుసని," అన్నాను.

"వద్దు," అంది. "తాతని కాపాడానని అనుకుంటోంది. మిమ్మల్ని కాపాడటానికి బడి పోగొట్టుకుంది. ఊరికే పోగొట్టుకున్నానని ఎందుకు తెలియాలి దానికి?"

"నువ్వు దాచడమా?"

"అవును. మీరు నేర్పారు కదా." ఇంత పదునైన మాట ఆమె నన్ను అంతకు ముందుగానీ తర్వాతగానీ అనలేదు. ఆ పూట నాకు అన్నం మాత్రం రోజూలాగే వేడిగా వడ్డించింది.

ఉడుతకి ఇప్పుడు పద్నాలుగేళ్ళు. తల్లి కంటే సన్నగా కుడుతుంది. నాలుగు భాషల్లో చదువుతుంది. ఏడాదికోసారి వచ్చే అధికారిణి ఇప్పుడు ప్రశ్నలడగదు, తన పుస్తకాలు అతికించుకోవడానికి తెస్తుంది. దానికి స్నేహితులు లేరు. నన్ను కథ చెప్పమని అడిగి ఏడేళ్ళయింది. నేను చెప్పబోతే, "ఇది జరిగిందా తాతయ్యా?" అని మర్యాదగా అడుగుతుంది. జరగలేదంటే చిన్నగా నవ్వి పని చూసుకుంటుంది.

మొన్న వకీలు గారు వచ్చారు. కుట్టు చూసి మెచ్చుకుని, "ఇంత చురుకైన పిల్లవి, నిన్ను బడి ఎందుకు మాన్పించారమ్మా?" అని అడిగారు.

"నేనే ఒక అబద్ధం చెప్పానండీ," అంది ఉడుత. "చిన్నప్పుడు."

"ఒక్క అబద్ధానికి బడి మాన్పించేశారా? మరీ అంత కఠినమా?"

"మా అమ్మ అంతేనండీ," అంది నవ్వుతూ, నిష్ఠూరంగా ఏం కాదు, ముద్దుగానే.

నేను కుర్చీలో ముందుకి జరిగాను. మా కోడలు నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తర్వాత వకీలు గారితో, "అవునండీ, నేను కాస్త కఠినమే," అని, దారం తెంపి, ఇంకో పుస్తకం దగ్గరికి లాక్కుంది.